తెలుగు, ఉర్దూ ఫైల్ పేర్లు అప్‌లోడ్ చేయగానే ఎందుకు గజిబిజి అవుతాయి? సరిచేయడం ఎలా?

సున్నిపెంటలో ఒక కుటుంబం అమ్మాయి చదువు కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తోందనుకుందాం. రేషన్ కార్డు స్కాన్ చేసి దానికి తెలుగులో పేరు పెట్టారు. తల్లిదండ్రుల నిఖానామా స్కాన్ చేసి దానికి ఉర్దూలో పేరు పెట్టారు. రెండూ అప్‌లోడ్ చేశారు. తెర మీద పచ్చ టిక్కు కూడా వచ్చింది. మర్నాడు దరఖాస్తు తెరిచి చూస్తే రేషన్ కార్డు ఉండాల్సిన చోట నెత్తిన గీతలున్న ఇంగ్లీష్ అక్షరాలు, నిఖానామా ఉండాల్సిన చోట వరుసగా ప్రశ్నార్థకాలు. ఇంట్లో కంగారు మొదలవుతుంది. కాగితం పాడైందా? దరఖాస్తు తిరస్కరిస్తారా? దోర్నాల, ఆత్మకూరు మీదుగా అడవి దాటి నంద్యాల దాకా వెళ్లి అడగాలా?

ఇలాంటి ఇబ్బంది ఎక్కడైనా రావచ్చు. ఆళ్లగడ్డ నెట్ సెంటర్‌లో రావచ్చు, హైదరాబాద్ కాలేజీ సైట్‌లో రావచ్చు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన పత్రాల్లో రావచ్చు. ఇంగ్లీష్‌లో పేరు పెడితే అంతా సవ్యంగా ఉంటుంది. తెలుగు, ఉర్దూ, అరబిక్ అనేసరికి తేడా కొడుతుంది. అందుకే చాలామంది ‘మన భాష కంప్యూటర్‌కు పడదు’ అనుకుంటారు. అది నిజం కాదు. యూనికోడ్ అనే అంతర్జాతీయ అక్షరాల పట్టికలో తెలుగు, అరబిక్ లిపులు రెండూ 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే ఉన్నాయి. లోపం భాషది కాదు. ఆ పేరును మధ్యలో చదివే ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌ది.

పేరు పాడైందా, ఫైల్ పాడైందా?

ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. ఫైల్ వేరు, ఫైల్ పేరు వేరు. పేరు అనేది పార్సెల్ మీద అంటించిన చీటీ లాంటిది. చీటీ మీద సిరా అలుక్కుపోయినంత మాత్రాన లోపలి వస్తువు పాడవదు. పేరు గజిబిజిగా కనిపిస్తున్నా దాని మీద నొక్కితే లోపలి పత్రం సాధారణంగా శుభ్రంగానే తెరుచుకుంటుంది. కాబట్టి కంగారుపడి దరఖాస్తు రద్దు చేసుకోవడం, అసలు పత్రాలను మళ్లీ మళ్లీ స్కాన్ చేయడం అవసరం లేదు. ముందు తెరిచి చూడాలి.

అయితే చీటీ చిన్న విషయం కూడా కాదు. వందల దరఖాస్తులు చూసే ఉద్యోగికి ఏది ఆదాయ ధ్రువపత్రమో, ఏది మార్కుల జాబితానో చెప్పేది ఆ పేరే. చీటీ చదవలేకపోతే ‘పత్రం జతచేయలేదు’ అని రాసే అవకాశం ఉంటుంది. కొన్ని సందర్భాల్లో పేరు తేడా వల్ల ఫైలే దొరకకుండా పోతుంది. ఆ సంగతి కింద చూద్దాం.

కంప్యూటర్‌కు ‘సున్నిపెంట’ ఎంత పొడవు?

కంప్యూటర్ అక్షరాలు దాచుకోదు, అంకెలు దాచుకుంటుంది. ఆ అంకెల పెట్టెను బైట్ అంటారు. ఒక్కో బైట్‌లో 0 నుంచి 255 వరకు ఏదో ఒక అంకె పడుతుంది. ఇంగ్లీష్ అక్షరానికి ఒక్క బైట్ చాలు. ప్రపంచంలోని లిపులన్నీ 256 గదుల్లో పట్టవు కదా! అందుకే యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతులు వచ్చాయి. వాటిలో ఇప్పుడు ఇంటర్నెట్ అంతటా నడుస్తున్నది యూటీఎఫ్-8. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1992లో దీన్ని రూపొందించారు.

యూటీఎఫ్-8లో ఇంగ్లీష్ అక్షరానికి 1 బైట్, ఉర్దూ అక్షరానికి 2 బైట్లు, తెలుగు అక్షరానికి 3 బైట్లు పడతాయి. పైగా తెలుగులో గుణింతం గుర్తు, పొల్లు, సున్నా దేనికదే విడి లెక్క. ‘సున్నిపెంట’ను కంటితో చూస్తే సు, న్ని, పెం, ట అని నాలుగే. కంప్యూటర్ లెక్కలో స, కొమ్ము, న, పొల్లు, న, గుడి, ప, ఎత్వం, సున్నా, ట అని మొత్తం 10. పదికి మూడేసి చొప్పున 30 బైట్లు. ‘మహమ్మద్’ అని తెలుగులో రాస్తే 7 గుర్తులు, 21 బైట్లు. అదే పేరు ఉర్దూలో రాస్తే 4 అక్షరాలు, 8 బైట్లు.

ఈ లెక్క ఎందుకంటే, గజిబిజి అంతా ఇక్కడే పుడుతుంది. తెలుగులో ‘క’ అనే అక్షరం 224, 176, 149 అనే మూడు అంకెలుగా వెళుతుంది. అందుకునే సాఫ్ట్‌వేర్ ఇది యూటీఎఫ్-8 అని తెలిసి చదివితే మూడూ కలిపి ‘క’ అంటుంది. తెలియక, పాత పద్ధతిలో బైట్‌కు ఒక అక్షరం చొప్పున చదివితే మూడు వేర్వేరు గుర్తులు వస్తాయి. ఆ పాత పద్ధతుల్లో ఎక్కువగా తగిలేవి లాటిన్-1, విండోస్-1252. రెండూ పశ్చిమ యూరప్ భాషల కోసం చేసినవి. అంకెలు మారలేదు, చదివే పద్ధతి మారింది, అంతే.

దారిలో ఎన్ని చేతులు మారుతుంది?

సున్నిపెంట నుంచి నంద్యాలకు వెళ్లే పార్సెల్ దోర్నాలలో ఒకరి చేతికి, ఆత్మకూరులో ఇంకొకరి చేతికి మారిందనుకోండి. చీటీ తెలుగులో ఉంది. ఒక్కచోట తెలుగు రాని మనిషి తనకు తోచినట్టు చీటీ తిరగరాస్తే, ఆ తర్వాత అందరూ సరిగ్గా చదివినా ఫలితం తప్పే. ఫైల్ పేరు ప్రయాణమూ ఇలాగే ఉంటుంది.

మొదట ఫోన్‌లోని బ్రౌజర్ పేరును బైట్లుగా మార్చి పంపుతుంది. పేజీ యూటీఎఫ్-8లో ఉంటే పేరు కూడా యూటీఎఫ్-8లోనే వెళుతుంది. ఇక్కడ తప్పు జరగడం ఇప్పుడు అరుదు. తర్వాత సర్వర్ మీద ఉన్న అప్‌లోడ్ లైబ్రరీ దాన్ని విప్పుతుంది. ఎక్కువ గొడవ ఇక్కడే. ఉదాహరణకు నోడ్ జేఎస్‌లో చాలామంది వాడే బస్‌బాయ్ లైబ్రరీ, 1.0 వెర్షన్ నుంచి, వేరే చెప్పకపోతే ఫైల్ పేరును లాటిన్-1గా చదువుతుంది. దాని మీద ఆధారపడిన మల్టర్ వాడిన సైట్లలో తెలుగు పేర్లు అకస్మాత్తుగా గజిబిజి కావడానికి ఇదొక కారణం. సైట్ రాసినవారు ఇంగ్లీష్ పేర్లతోనే పరీక్షించి ఉంటే ఈ తేడా వారి కంట పడదు.

మూడో మజిలీ డేటాబేస్. మైఎస్‌క్యూఎల్ 2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి అన్ని లిపులనూ పట్టే పద్ధతిని డిఫాల్ట్ చేసింది. అంతకుముందు డిఫాల్ట్ లాటిన్-1. అప్పట్లో కట్టిన పట్టికలు అలాగే కొనసాగుతుంటే తెలుగుకు అక్కడ గది లేదు. గది లేని అక్షరానికి బదులుగా ప్రశ్నార్థకం పెట్టేస్తుంది.

నాలుగోది సర్వర్ డిస్క్. ఐదోది డౌన్‌లోడ్. ఫైల్‌ను తిరిగి ఇచ్చేటప్పుడు సర్వర్ పేరును మళ్లీ చెప్పాలి. అక్కడ తప్పు చెబితే సైట్‌లో బాగున్న పేరు ఫోన్‌లోకి దిగాక పాడవుతుంది. ఆరోది జిప్. ఆఫీసులో అన్ని పత్రాలనూ ఒకే జిప్‌గా దించుకుంటారు. జిప్‌లో ‘ఈ పేర్లు యూటీఎఫ్-8’ అని చెప్పే ఒక చిన్న జెండా ఉంటుంది. జిప్ చేసిన సాఫ్ట్‌వేర్ ఆ జెండా ఎత్తకపోతే విప్పేటప్పుడు పేర్లన్నీ చెల్లాచెదురు. దరఖాస్తుదారుకు తెర మీద అంతా బాగానే కనిపిస్తుంది, ఉద్యోగి కంప్యూటర్‌లో మాత్రం ఏమీ అర్థం కాదు.

గుర్తులు చూసి జబ్బు పట్టుకోవచ్చు

తెర మీద ఏం కనిపిస్తోందో జాగ్రత్తగా చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో చాలావరకు చెప్పొచ్చు. నెట్ సెంటర్ వాళ్లకైనా, ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలకైనా ఇది పనికొస్తుంది.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే: నష్టమేమీ లేదు. ఆ కంప్యూటర్‌లో తెలుగు లేదా ఉర్దూ ఫాంట్ లేదు. పేరు లోపల భద్రంగా ఉంది.

నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ఇంగ్లీష్ ‘ఏ’, దాని పక్కన ఎండ డిగ్రీలకు పెట్టే చిన్న సున్నా పదేపదే కనిపిస్తే: అది తెలుగు పేరు. యూటీఎఫ్-8 బైట్లను ఎవరో పాత పద్ధతిలో చదివారు. తెలుగు అక్షరాలన్నీ 224తో మొదలై, రెండో అంకె 176 లేదా 177 కావడం వల్లే ఈ జంట అంతగా కనిపిస్తుంది.

మధ్యలో అడ్డగీత కొట్టిన ‘ఓ’, నెత్తిన గీత ఉన్న పెద్ద ‘యూ’ మళ్లీ మళ్లీ కనిపిస్తే: అది ఉర్దూ లేదా అరబిక్ పేరు. ఉర్దూ అక్షరాల మొదటి బైట్ ఎక్కువగా 216 నుంచి 219 మధ్య ఉంటుంది. జబ్బు ఒకటే.

నెత్తిన అల లాంటి గీత ఉన్న పెద్ద ‘ఏ’ ఎక్కువగా కనిపించి, పేరు బాగా పొడవైపోతే: ఆ పేరు రెండుసార్లు పాడైంది. ఒకసారి తప్పుగా చదివిన దాన్ని మళ్లీ యూటీఎఫ్-8గా రాసి, మళ్లీ తప్పుగా చదివారు.

శాతం గుర్తులు, అంకెలు వరుసగా వస్తే: వెబ్ చిరునామాలో పంపడానికి మార్చిన రూపం అది. అక్షరాలు పోలేదు, తిరిగి విప్పడం మరిచారు. ఈ రూపంలో ఒక్కో బైట్ మూడు గుర్తులవుతుంది. ‘సున్నిపెంట’ ఒక్క పదమే 90 గుర్తుల పొడవు అవుతుంది.

మామూలు ప్రశ్నార్థకాలు, లేదా నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తే: ఇదే ప్రమాదకరమైనది. అక్షరాన్ని తీసేసి దాని స్థానంలో గుర్తు పెట్టారు. అలాగే సేవ్ అయి ఉంటే ఆ పేరును ఏ మంత్రం వేసినా వెనక్కి తేలేం.

మొత్తం మీద గుర్తుంచుకోవాల్సింది ఒకటే. వికారంగా కనిపించే గజిబిజిలో పేరు ఇంకా బతికే ఉంటుంది. శుభ్రంగా కనిపించే ప్రశ్నార్థకాల్లో పేరు పోయినట్టే. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. గజిబిజి చూసి ‘అయిపోయింది’ అని తుడిచేస్తారు. తుడవకూడదు.

ఇంకో మినహాయింపు ఉంది. పాత అను ఫాంట్లతో టైప్ చేసిన తెలుగు, పాత ఇన్‌పేజ్‌లో టైప్ చేసిన ఉర్దూ యూనికోడ్ కావు. వాటి నుంచి పదం కాపీ చేసి ఫైల్‌కు పేరుగా పెడితే వింత గుర్తులు వస్తాయి. అది అప్‌లోడ్ తప్పు కాదు. దానికి ప్రత్యేకమైన కన్వర్టర్ కావాలి, లేదా పేరును యూనికోడ్ కీబోర్డుతో కొత్తగా టైప్ చేయాలి. ఉర్దూ పేరులో మధ్యన ‘2024-25’ లాంటి అంకెలు, చివర పీడీఎఫ్ అనే ఇంగ్లీష్ అక్షరాలు వస్తే వరుస తారుమారుగా కనిపించడం కూడా వేరే విషయం. కుడి నుంచి ఎడమకు రాసే లిపి, ఎడమ నుంచి కుడికి రాసే లిపి కలిసినప్పుడు చూపులో వచ్చే తేడా అది. లోపలి పేరు సవ్యంగానే ఉంటుంది.

పొల్లు, కొమ్ము దగ్గర తెలుగుకు దెబ్బ

గజిబిజి పేరును వెనక్కి తెచ్చే పద్ధతి వినడానికి సులువే. ఏ పద్ధతిలో తప్పుగా చదివారో అదే పద్ధతిలో మళ్లీ బైట్లుగా మార్చి, ఆ బైట్లను ఈసారి యూటీఎఫ్-8గా చదివించాలి. లాటిన్-1లో 256 గదులకూ అర్థం ఉంది కాబట్టి వెళ్లిన దారినే వెనక్కి రావచ్చు.

విండోస్-1252 అలా కాదు. అందులో 129, 141, 143, 144, 157 అనే ఐదు గదులు ఖాళీ. తెలుగుకు చిక్కు ఇక్కడే వస్తుంది. తెలుగు పొల్లుకు మూడో బైట్ 141. కొమ్ముకు మూడో బైట్ 129. పొల్లు లేకుండా ఒత్తు అక్షరమే లేదు. ‘సున్నిపెంట’లో రెండూ ఉన్నాయి. ‘మహమ్మద్’లో పొల్లు రెండుసార్లు వస్తుంది. ఖాళీ గది తగలగానే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ బైట్‌ను పారేస్తాయి, లేదా ప్రశ్నార్థకం పెడతాయి. అందుకే బాగుచేశాక కూడా కొన్ని పేర్లలో ఒత్తులు విడిపోయి, అక్షరాలు ఊడిపోయి కనిపిస్తాయి. ఇంగ్లీష్, ఫ్రెంచ్ పేర్లతో పరీక్షించిన వారికి ఈ తేడా ఎప్పటికీ తెలియదు. తెలుగు పేర్లతో పరీక్షిస్తేనే తెలుస్తుంది.

ఒకరి ఫైల్ మీద ఇంకొకరి ఫైల్

గజిబిజి కన్నా నిశ్శబ్దంగా జరిగే నష్టం ఇంకోటి ఉంది. భద్రత కోసం చాలా సైట్లు ఫైల్ పేరులో ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు తప్ప మిగతావన్నీ తీసేస్తాయి. ఉద్దేశం మంచిదే. హానికరమైన పేర్లు పెట్టి సర్వర్‌లోకి చొరబడేవాళ్లు ఉంటారు. కానీ ‘రేషన్ కార్డు’ అనే పేరులో ఇంగ్లీష్ అక్షరాలు ఏమున్నాయి? అన్నీ తీసేస్తే చివరన ఉన్న పీడీఎఫ్ అనే మూడక్షరాలే మిగులుతాయి. పైథాన్‌లో ఫ్లాస్క్‌తో సైట్లు కట్టేవారు వాడే ‘సెక్యూర్ ఫైల్‌నేమ్’ అనే ఫంక్షన్ సరిగ్గా ఇదే చేస్తుంది.

ఒకరు ‘రేషన్ కార్డు’ పెట్టారు. ఇంకొకరు ‘ఆదాయ ధ్రువపత్రం’ పెట్టారు. మూడోవారు ఉర్దూలో ‘నిఖానామా’ పెట్టారు. మూడూ సర్వర్‌లో ‘పీడీఎఫ్’ అనే ఒకే పేరుగా మారతాయి. సైట్ వాటిని ఒకే ఫోల్డర్‌లో అదే పేరుతో దాచేలా కట్టి ఉంటే, చివర వచ్చిన ఫైల్ ముందున్న వాటిని చెరిపేస్తుంది. తెర మీద ముగ్గురికీ పచ్చ టిక్కు వస్తుంది. ఎవరి పత్రం పోయిందో తనిఖీ రోజు వరకు తెలియదు. ఇంగ్లీష్‌లో పేరు పెట్టినవారికి ఈ కష్టం రాదు. సొంత భాషలో పేరు పెట్టినవారికే వస్తుంది. సైట్ కట్టేవారు దీన్ని చిన్న సాంకేతిక లోపంగా తీసుకోకూడదనడానికి కారణం ఇదే.

పీహెచ్‌పీలో కూడా ఇలాంటి జాగ్రత్త ఒకటి ఉంది. దారి నుంచి ఫైల్ పేరును విడదీసే ‘బేస్‌నేమ్’ ఫంక్షన్ సర్వర్ భాషా సెట్టింగ్‌ను బట్టి పనిచేస్తుంది. ఆ సెట్టింగ్ యూటీఎఫ్-8కు సరిపోయేలా లేకపోతే పేరు మొదట్లోని తెలుగు, ఉర్దూ అక్షరాలు ఎగిరిపోవచ్చు.

పొడవు కూడా ఒక ఉచ్చు. లైనక్స్ సర్వర్లలో సాధారణంగా ఒక ఫైల్ పేరుకు 255 బైట్లే హద్దు. అక్షరాలు కాదు, బైట్లు. ఇంగ్లీష్‌లో 255 అక్షరాలు పడితే తెలుగులో 85 గుర్తులే పడతాయి. ‘సున్నిపెంట’ అని ఎడం లేకుండా 8 సార్లు రాస్తే 240 బైట్లు, తొమ్మిదోదానికి చోటు లేదు. హద్దు దాటిన పేరును సాఫ్ట్‌వేర్ బైట్ దగ్గర కోస్తే ఒక అక్షరం సగంలో తెగి, చివర నల్ల వజ్రం కనిపిస్తుంది.

ఒకేలా కనిపించే రెండు పేర్లు

పేరు కళ్లకు సరిగ్గానే ఉంటుంది, వెతికితే మాత్రం ‘ఫైల్ లేదు’ అంటుంది. దీనికి కారణం వేరు. కొన్ని అక్షరాలను యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. తెలుగులో ఐత్వం అలాంటిది. ‘మైనారిటీ’లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. ఉర్దూలో మద్ ఉన్న అలిఫ్ కూడా అంతే. ఆపిల్ మ్యాక్ కంప్యూటర్ల పాత డిస్క్ పద్ధతి పేర్లను విడదీసిన రూపంలో దాచేది. అక్కడి నుంచి వచ్చిన పేరు, డేటాబేస్‌లో ఉన్న పేరు చూడటానికి ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు.

ఉర్దూ కుటుంబాలకు బాగా తగిలేది ఇంకోటి ఉంది. ఉర్దూ కీబోర్డులోని ‘యే’, ‘కాఫ్’ అక్షరాలకు, అరబిక్ కీబోర్డులోని ‘యా’, ‘కాఫ్’ అక్షరాలకు యూనికోడ్‌లో వేర్వేరు నంబర్లు. గల్ఫ్‌లో ఉన్న తండ్రి అరబిక్ కీబోర్డుతో పెట్టిన పేరును, ఇక్కడ కూతురు ఉర్దూ కీబోర్డుతో వెతికితే దొరకకపోవచ్చు. తెలుగులోనూ ‘ఆన్‌లైన్’ లాంటి పదాల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. ఒకరు అది పెట్టి టైప్ చేస్తారు, ఇంకొకరు పెట్టరు.

సైట్ కట్టేవారు ఏం చేయాలి?

సున్నిపెంటవాళ్లకు ఆర్‌ఎఫ్‌సీ అంటే రైట్ ఫ్లాంక్ కాలనీ. శ్రీశైలం డ్యామ్ కట్టేటప్పుడు వెలసిన ప్రాజెక్టు కాలనీ అది. జనగణనలో ఊరి పేరు కూడా ఆ అక్షరాలతోనే ఉంది. ఇంటర్నెట్ నిబంధనలు రాసిన పత్రాలను కూడా ఆర్‌ఎఫ్‌సీలే అంటారు. ఈ సమస్యకు పరిష్కారాలు వాటిలో ఎప్పుడో రాసి పెట్టారు. డౌన్‌లోడ్‌లో పేరు ఎలా చెప్పాలో 2011 నాటి 6266వ నంబరు పత్రం చెబుతుంది. ఫారంతో ఫైల్ ఎలా పంపాలో 2015 నాటి 7578వ పత్రం చెబుతుంది. పాటించడమే మిగిలింది.

మొదటిది: వాడుకరి పెట్టిన పేరుతో ఫైల్‌ను డిస్క్ మీద దాచకూడదు. సర్వరే ప్రతి ఫైల్‌కూ ఒక కొత్త, ఎప్పటికీ మళ్లీ రాని నంబరు ఇవ్వాలి. ఫైల్ ఆ నంబరుతో ఉంటుంది. అసలు పేరు డేటాబేస్‌లో విడిగా ఉంటుంది. ఈ ఒక్క మార్పుతో ఒకరి ఫైల్‌ను ఇంకొకరిది చెరిపేయడం, పొడవు హద్దు, భద్రత చిక్కు చాలావరకు తీరిపోతాయి.

రెండోది: పేజీ, అప్‌లోడ్ లైబ్రరీ, డేటాబేస్ పట్టిక, డేటాబేస్‌తో మాట్లాడే కనెక్షన్, నాలుగూ యూటీఎఫ్-8 మీదే ఉన్నాయో లేదో చూసుకోవాలి. పట్టిక మార్చి కనెక్షన్ మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు. బస్‌బాయ్ లాంటి లైబ్రరీల్లో పేరు చదివే పద్ధతిని యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పాలి.

మూడోది: పేరు లోపలికి రాగానే ఒకే యూనికోడ్ రూపంలోకి తేవాలి. దీన్ని ఎన్‌ఎఫ్‌సీ రూపం అంటారు. ఐత్వం, మద్ చిక్కులు దాంతో పోతాయి. అరబిక్, ఉర్దూ ‘యే’ల తేడా దాంతో పోదు. వెతికేటప్పుడు రెండింటినీ ఒకటిగా చూసే ఏర్పాటు విడిగా చేయాలి.

నాలుగోది: శుభ్రం చేసేటప్పుడు భాషను తీసేయకూడదు, ప్రమాదాన్ని తీసేయాలి. దారి గీతలు, కంట్రోల్ గుర్తులు, అక్షరాల వరుసను తిప్పి చూపించే కనిపించని గుర్తులు తీసేస్తే చాలు. ఆ చివరి రకం గుర్తులతో మోసగాళ్లు ప్రోగ్రామ్ ఫైల్‌ను మామూలు పత్రంలా చూపిస్తారు. అయితే తెలుగు, ఉర్దూల్లో అవసరమైన విడదీత గుర్తును వాటితో కలిపి తుడవకూడదు.

ఐదోది: డౌన్‌లోడ్ ఇచ్చేటప్పుడు పేరును రెండు రకాలుగా పంపాలి. పాత బ్రౌజర్ల కోసం సాదా ఇంగ్లీష్ పేరు ఒకటి, నక్షత్రం గుర్తుతో యూటీఎఫ్-8 అని చెప్పిన అసలు పేరు ఇంకొకటి. జిప్ ఇస్తే యూటీఎఫ్-8 జెండా ఎత్తాలి.

ఆరోది: పరీక్ష. ఒత్తు, కొమ్ము, ఐత్వం ఉన్న తెలుగు పేరు ఒకటి, మద్ అలిఫ్, ‘యే’ ఉన్న ఉర్దూ పేరు ఒకటి, రెండు లిపులూ కలిసిన పేరు ఒకటి, వంద గుర్తులు దాటిన పేరు ఒకటి, ఎమోజీ ఉన్న పేరు ఒకటి తయారు చేసుకోవాలి. అప్‌లోడ్ చేసి, జాబితాలో చూసి, డౌన్‌లోడ్ చేసి, జిప్ విప్పి చూడాలి. పది నిమిషాల పని ఇది.

ఇప్పటికే పాడైన పేర్లు ఉంటే తొందరపడకూడదు. ముందు మొత్తం డేటాకు బ్యాకప్ తీయాలి. పాడైన పేర్లను మాత్రమే వేరు చేయాలి. బాగున్న పేరుకు కూడా అదే వైద్యం చేస్తే అది పాడవుతుంది. తిప్పి చదివినప్పుడు తప్పు లేకుండా తెలుగు లేదా ఉర్దూ వస్తేనే కొత్త పేరు రాయాలి. రెండుసార్లు పాడైనదాన్ని రెండుసార్లు తిప్పాలి. ప్రశ్నార్థకాలుగా మారిన వాటికి ఊహించి పేరు పెట్టకూడదు. ఫైల్ తెరిచి చూసి పెట్టాలి, లేదా దరఖాస్తుదారునే అడగాలి.

కుటుంబాలు ఇప్పటికిప్పుడు పాటించాల్సినవి

సైట్లన్నీ బాగుపడే వరకు దరఖాస్తులు ఆగవు. స్కాలర్‌షిప్పులు, హజ్ దరఖాస్తులు, కాలేజీ సీట్లు అన్నీ ఆన్‌లైన్‌లోనే. వక్ఫ్ ఆస్తుల వివరాల కోసం కేంద్రం 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెచ్చాక, ఉర్దూలో రాసిన పాత పత్రాలను స్కాన్ చేసి ఎక్కించే పని మసీదు కమిటీల మీద కూడా పడింది. కాబట్టి ఈ జాగ్రత్తలు మేలు.

తప్పనిసరి పత్రాలకు చిన్న ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీతతో పేరు పెట్టండి. ఇరవై, ముప్పై అక్షరాలు దాటనివ్వకండి. పత్రం లోపల ఏ భాష ఉన్నా పర్వాలేదు, ఇది చీటీ మాత్రమే.

ఆధార్ నంబరు, ఫోన్ నంబరు ఫైల్ పేరులో పెట్టకండి. పేరు చాలామంది కంట పడుతుంది.

అప్‌లోడ్ అయ్యాక పచ్చ టిక్కును నమ్మి లేచిపోకండి. అదే పేజీ నుంచి ఫైల్‌ను తిరిగి దించి, తెరిచి, అది మీ పత్రమేనా అని చూడండి. నెట్ సెంటర్‌లో అయినా ఒక్క నిమిషం ఆగి చూపించమని అడగండి. ఒకరి ఫైల్ మీద ఇంకొకరిది పడిందా అన్నది తెలుసుకోవడానికి దరఖాస్తుదారుకు ఉన్న సులువైన మార్గం ఇదే.

పేరు గజిబిజిగా ఉండి ఫైల్ సరిగ్గా తెరుచుకుంటే స్క్రీన్‌షాట్ తీసి, దరఖాస్తు నంబరుతో పాటు దాచుకోండి. వెబ్‌సైట్ సహాయ విభాగానికి ఆ స్క్రీన్‌షాట్ పంపండి. ‘ఓపెన్ అవట్లేదు’ అని రాస్తే వాళ్లకు ఏమీ తెలియదు. ఏ భాషలో పేరు పెట్టారు, ఇప్పుడు ఎలా కనిపిస్తోంది అన్నది రాయండి.

ఫైల్ పేరులోని గజిబిజిని, పత్రంలోని పేరు తేడాను కలిపి చూడకండి. ఒక పత్రంలో మహమ్మద్, ఇంకోదాంట్లో మహ్మద్ అని ఉండటం, పాత కాగితంలో కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ 4 తర్వాతి కాగితంలో నంద్యాల జిల్లా అని ఉండటం వేరే సంగతి. వాటికి సంబంధిత కార్యాలయంలో సవరణ గానీ వివరణ గానీ కావాలి. ఫైల్ పేరును మాత్రం మీరే మార్చుకోవచ్చు.

ఇంగ్లీష్‌లో పేరు పెట్టుకోమనడం తాత్కాలిక జాగ్రత్త మాత్రమే, పరిష్కారం కాదు. ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రెండో అధికార భాషగా చట్టం చేసింది. తెలుగు అంతకుముందు నుంచే అధికార భాష. ప్రజలు ఈ రెండు భాషల్లో పెట్టిన పేరును ప్రజల కోసం కట్టిన సైట్ సరిగ్గా చదవాలి. దానికి కొత్త ఖర్చు అక్కర్లేదు, కొత్త పరిజ్ఞానమూ అక్కర్లేదు. సైట్ తెరవడానికి ముందు ఎవరో ఒకరు ‘సున్నిపెంట’ అని తెలుగులో పేరు పెట్టిన ఫైల్ ఒకటి ఎక్కించి, దించి చూస్తే సగం తప్పులు అక్కడే బయటపడతాయి. ఇంట్లో సాఫ్ట్‌వేర్ చదువుతున్న పిల్లలుంటే, వాళ్లు కట్టే మొదటి ప్రాజెక్టులోనే ఈ పరీక్ష పెట్టించండి.